రామాంజి తగ్గించిన గిటారు

మైకు ముందు నిలబడి ఎవరైనా దగ్గితే, ఆ దగ్గు గొంతుదో ఛాతీదో చెప్పగలడని రామాంజనేయులుకు బెంగళూరు కె.ఆర్.పురంలో పేరు. ఊరికే వచ్చిన పేరు కాదది. నలభై రెండేళ్ళుగా ఆయన చేస్తున్న పని వినడమే. పాత మద్రాసు రోడ్డు మీద, రైల్వే స్టేషనుకు తిరిగే మలుపులో, 'ఆంజనేయ సౌండ్స్' అన్న బోర్డు కింద ఆయన అంగడి. లోపల మనిషెత్తు స్పీకర్లు, చుట్టచుట్టి మేకులకు తగిలించిన వైర్లు, మూతలు పోయిన మైకులు. పెళ్ళి రిసెప్షను కానీ, అణ్ణమ్మ దేవత ఉత్సవం కానీ, వినాయకుడి పందిరి కానీ, ఆ చుట్టుపక్కల మైకు సెట్టంటే రామాంజిదే.

వాళ్ళది దొడ్డబళ్ళాపురం. తండ్రి మరమగ్గాల షెడ్డులో మేస్త్రీ. ఇరవై మగ్గాలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే, వీపు అటు పెట్టుకునే "ఏడోదాన్ని నిలపండి, పోగు వేసే నాడె సరిగా పోవడం లేదు" అనేవాడట. కొడుక్కి మగ్గం పని అబ్బలేదు కానీ ఆ చెవి వచ్చింది. పద్దెనిమిదో ఏట బెంగళూరికొచ్చి ఒక మైకు సెట్ల యజమాని దగ్గర చేరి, ఆరేళ్ళకు సొంతంగా అంగడి పెట్టుకున్నాడు. ఇప్పుడు అరవై. బరువు పనంతా కూతురు భవ్య చూసుకుంటుంది. మైకులన్నిటి శబ్దాన్ని కలిపి సరిచేసే మిక్సర్లు, ఐప్యాడ్‌తో నడిచే కొత్తవి, ఆమె దగ్గరున్నాయి. ఆయన మాత్రం పాత మిక్సర్‌నే తుడుచుకుంటూ ఉంటాడు.

అంగడి పెట్టిన ఏడే 'రాగశ్రీ ఆర్కెస్ట్రా' మొదలయింది. ఎనభై ఎనిమిది నుంచి రెండువేల పది దాకా, ముందే రికార్డు చేసిన సంగీతం పెట్టి పాడేసే పద్ధతి వచ్చేవరకు, ఆ ఆర్కెస్ట్రా ఎక్కని వేదిక ఆ వైపు లేదు. అందులో ఇద్దరు గిటారు వాయించేవాళ్ళు. ఒకడు నాగరాజ్, హలసూరులో పుట్టి పెరిగినవాడు, ఫ్యాక్టరీలో ఫిట్టరు. అతనిది లీడ్ గిటారు. పాట మధ్యలో నాలుగడుగులు ముందుకొచ్చి, జనం ఊపిరి బిగబట్టేలా వాయించే పని. రెండోవాడు దానియేలు. ఒంగోలు పక్క పల్లెటూరు. భార్య రూతుకు ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెంట వచ్చి, అదే ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో పనికి కుదిరాడు. అతనిది రిథమ్ గిటారు. పాట మొదటినుంచి చివరిదాకా వెనక నిలబడి తాళాన్నీ శ్రుతినీ పట్టి ఉంచే పని. మిక్సర్ మీద ఒక్కొక్కరికీ ఒక్కో మీట ఉంటుంది. పైకి తోస్తే ఆ మనిషి వినబడతాడు, కిందికి లాగితే మునిగిపోతాడు. మూడో మీట నాగరాజ్‌ది, నాలుగోది దానియేలుది.

ఆర్కెస్ట్రా పోయినా మనుషులు పోలేదు. ఆదివారం పదకొండు గంటలకు నాగరాజ్ వచ్చి అంగడి ముందు స్టూలు మీద కూర్చుంటాడు. చర్చి ముగించుకుని దానియేలు వస్తాడు. ఎదురు హోటలు నుంచి టీ వస్తుంది.

అక్టోబరులో ఒక ఆదివారం సందీప్ స్పీకర్లు తిరిగివ్వడానికి వచ్చాడు. బెళ్ళందూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఊరు విజయవాడ, ఆఫీసు స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టుకున్నాడు. నెలకోసారి స్పీకర్లు అద్దెకు తీసుకుంటాడు. ఆ రోజు టీ గ్లాసు పట్టుకుని అడిగాడు.

"అంకుల్, మీరు ఇన్నేళ్ళలో ఎంతమందిని విని ఉంటారు. హానెస్ట్‌గా చెప్పండి. నిజంగా గ్రేట్ గిటారిస్ట్ అంటే ఎవరు? ఆఫీసులో మాకు దీనిమీద రోజూ గొడవే."

"నువ్వేమంటావు చెప్పప్పా ముందు," అన్నాడు రామాంజి.

"నా వరకైతే, రెండు సెకన్లు వింటే చాలు, ఇది ఫలానా మనిషి అని తెలిసిపోవాలి. స్పీడ్‌దేముంది, ఎవరైనా ప్రాక్టీస్ చేసి తెచ్చుకోవచ్చు."

"స్పీడు లేనోళ్ళు చెప్పే మాట అది," అన్నాడు నాగరాజ్ నవ్వుతూ. "ఒకే పాట నూరు స్టేజీల మీద వాయించింటావు. నూటొకటోసారి కూడా నీ చెయ్యి నీకే తెలీని చోటికి పోవల్ల. పోయి, అక్కడ పడకుండా రావల్ల. అది ఉంటే గొప్పోడు. మిగిలినోళ్ళంతా అచ్చు వేసేవాళ్ళు."

దానియేలు టీ మీది మీగడను వేలితో తీసి పక్కన పెట్టాడు. "తప్పు పడ్డప్పుడు చూడాలండీ," అన్నాడు మెల్లగా. "ఒప్పు ఎవరైనా వాయిస్తారు. తప్పు పడ్డాక ఏం చేస్తాడన్నదాన్నిబట్టి ఉంటది."

అందరూ రామాంజి వైపు చూశారు.

"నాకు మీ అంత శాస్త్రం తెలీదు," అన్నాడాయన. "మిక్సర్ వెనక కూర్చున్నోనికి ఒకటే గుర్తు. ఎవురు వాయిస్తే జనం మాటలు నిలిపి అటు తిరుగుతారో వాడు గొప్పోడు. నేను చూసినోళ్ళలో అట్లాటోడు నాగరాజ్ ఒకడే ఉండాడు."

"మరి దానియేలు అంకుల్ కూడా మీ ఆర్కెస్ట్రాలోనే కదా?" అన్నాడు సందీప్.

"రిథమ్ ఉంటాది. ఉండల్ల," అన్నాడు రామాంజి. "గోడకు సున్నం మాదిరి."

అందరూ నవ్వారు. దానియేలు కూడా నవ్వి, "నాగరాజ్ సంగతి నిజమేనండీ, అతను వేరు," అన్నాడు. తర్వాత కాసేపటికే బస్సు వస్తుందని లేచి వెళ్ళిపోయాడు. రామాంజికి అందులో తేడా ఏమీ తోచలేదు.

ఆ వారంలోనే కన్నడ రాజ్యోత్సవ కమిటీ వాళ్ళు వచ్చారు. నవంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం, సముదాయ భవనంలో నాగరాజ్‌కు సన్మానం. పాత ఆర్కెస్ట్రా ఓ ఐదు పాటలు వాయిస్తే బాగుంటుందన్నారు. పాత వాళ్ళలో డ్రమ్స్ మనిషి పోయాడు, కీబోర్డతను మైసూరుకు మారాడు. మిగిలింది రెండు గిటార్లూ, పాడే జయమ్మా. ఆమెకు అరవై అయిదు. రెండేళ్ళ క్రితం థైరాయిడ్‌కు ఆపరేషనయ్యాక పాడటం మానేసింది. నాగరాజ్ కోసమని ఒప్పుకుంది.

సన్మానానికి ఎనిమిది రోజుల ముందు, శనివారం పొద్దున అంగడి పైన గోదాములో ప్రాక్టీసు పెట్టుకున్నారు. ఆ రోజు ఏదో కంపెనీ వేడుక ఉందని భవ్య సామానంతా వ్యాన్‌లో వేసుకుపోయింది. మిక్సర్ లేదు, స్పీకర్లు లేవు. నాగరాజ్ టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుని, ఇంకో ముక్కాలు గంట పడుతుందని ఫోన్ చేశాడు.

"మనం మొదలు పెడదాంలే అమ్మా," అన్నాడు దానియేలు, గిటారు ఒళ్ళోకి తీసుకుంటూ.

రామాంజి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చేతికి పని లేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తిప్పడానికీ జరపడానికీ ఏమీ లేకుండా ఒక పాటను మొదటినుంచి వినడం ఆయనకు ఎన్నేళ్ళయిందో.

జయమ్మ పల్లవి ఎత్తుకుంది. గొంతులో తీపి పోలేదు, బలం పోయింది. రెండో వరుస పైకెక్కేచోట ఊపిరి చాల్లేదు. మాట ఒక అరక్షణం ఆలస్యమయింది. దానియేలు ఆగలేదు. అలాగని ముందుకూ పోలేదు. అరచేతిని తీగల మీద మెత్తగా ఆనించి టిక్ టిక్ మనిపిస్తూ ఉన్నాడు. ఆ ఖాళీ పాటలో మొదటినుంచీ ఉన్నట్టే వినిపించింది. ఆమె మాట దొరకగానే మళ్ళీ తీగలు తెరిచాడు.

పల్లవి చివర ఆమె పక్కకు తిరిగి దగ్గింది. తిరిగి చూసేసరికి, గిటారు మెడకు బిగించిన క్లిప్పును అతను ఒక మెట్టు కిందికి జరిపేశాడు. శ్రుతి తగ్గించమని ఆమె అడగలేదు. చరణం ఆమె గొంతుకు సరిగ్గా అందే ఎత్తులో మొదలయింది. రెండో చరణంలో మాటలు మరిచిపోయింది. కళ్ళు మూసుకుని వెతుక్కుంటోంది. దానియేలు వాయించిన చోటే మరోసారి చుట్టి వచ్చాడు. చుట్టి వచ్చేటప్పుడు పైతీగ మీద ఒక స్వరం కొంచెం గట్టిగా మీటాడు. ఆమె పాడవలసిన వరుసకు మొదటి స్వరం అది. జయమ్మకు మాట వచ్చేసింది.

పాటయ్యాక ఆమె నీళ్ళు తాగుతుంటే రామాంజి అడిగాడు. "ఇది ఎప్పటినుంచి, జయమ్మా?"

"ఏది?"

"నీకోసం అట్ల నిలిచేది. మాట అందించేది."

"మొదట్నుంచీ," అంది జయమ్మ. "నాకు జ్వరమొచ్చిన దినాలు, మా ఇంటాయన చనిపోయిన సంవత్సరం, అన్ని పాటలూ అట్లనే కదా దాటించినాడు. వెనక దానియేలు ఉంటే పాడేవాళ్ళకు భయం ఉండదు." గ్లాసు కింద పెట్టి ఆశ్చర్యంగా చూసింది. "నీకు తెలీదా? దినామూ వింటా ఉన్నోడివి నువ్వే కదా."

 రామాంజి వినలేదు. ఇరవై రెండేళ్ళలో నాలుగో మీట అడుగు నుంచి రెండు వేళ్ళ ఎత్తు దాటి పోలేదు. మొదటి ఏడు ఒక పందిట్లో రిథమ్ గిటారు, కీబోర్డు ఒకదానిమీదొకటి పడి గలాటాగా వినిపిస్తే, తేలిక పని కదా అని రిథమ్ తగ్గించాడు. ఆ పూట నాగరాజ్‌కు ఈలలు పడ్డాయి. ఆ తర్వాత ప్రతి వేదిక దగ్గరా, దానియేలు పది సెకన్లు వాయించి చూపించగానే "చాలు చాలు" అని, చెయ్యి దానంతటదే ఆ మీటను ఆ చోటుకు లాగేసేది. జనం మాటలు ఆపి నాగరాజ్ వైపు తిరిగారన్నది నిజమే. వాళ్ళను తిప్పినవాటిలో తన చెయ్యి కూడా ఒకటని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

జయమ్మ ఫోన్ మాట్లాడటానికి కిందికి దిగింది. దానియేలు గుడ్డతో తీగలు తుడుస్తున్నాడు.

"దానియేలప్పా," అన్నాడు రామాంజి. "నీ మీట నేను తగ్గించి పెడతా ఉంటి. అన్నేండ్లూ."

"తెలుసండీ."

"తెలుసా?"

"స్టేజి మీద నిలబడ్డవాడికి తెలీదా ఏంటండీ. రెండు పాటలయ్యాక నా యాంప్లిఫయర్ వెనకున్న నాబ్ తిప్పి నేను పెంచుకునేవాణ్ణి. మీరు అక్కడ మిక్సర్‌లో తగ్గించేవాళ్ళు. మళ్ళీ నేను పెంచేవాణ్ణి."

రామాంజి నోరు తెరిచాడు. "మిక్సర్‌లో ఏదో రిపేరనుకుంటిని కదప్పా. రెండుసార్లు విప్పి లోపల సామాను మార్చినా."

"చూశానండీ. పాపం అనిపించింది. కానీ చెప్పలేదు."

ఇద్దరూ నవ్వారు. ముందు దానియేలు నవ్వు ఆగింది. గుడ్డ మడిచి గిటారు పెట్టెలో పెట్టాడు.

"రూతు ఒకేఒక్కసారి వచ్చింది మన ప్రోగ్రాముకి. తొంభై ఆరులో. తనకెప్పుడూ సాయంత్రం డ్యూటీనే కదా. ఇంకొకళ్ళతో మార్చుకుని, పిల్లను చంకనేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఇంటికెళ్ళాక అన్నం పెడతా అడిగింది, నువ్వు వాయించింది ఏదయ్యా అని. ఎగతాళికి కాదండీ. నిజంగానే అడిగింది."

రామాంజి నేల మీద పడి ఉన్న వైరు ముక్క తీసి చుట్టసాగాడు.

"ఏం చెప్పనండీ? అంతా నేనే వాయించానని చెప్పనా?"

"కోపం రాలేదా నా మీద?"

"వచ్చింది. రెండు నెలలు రాలేదు నేను. జ్వరమని కబురు పెట్టా. మీరే ఇంటికొచ్చి బ్రెడ్డు, యాపిల్ పళ్ళు ఇచ్చి, మంచం పక్కన గంటసేపు కూర్చుని వెళ్ళారు. నేను ఆ గంటా దుప్పటి కప్పుకుని పడుకోవాల్సొచ్చింది. ఎండాకాలం కూడానూ."

"మరి ఎందుకు తిరిగొస్తివి?"

దానియేలు పెట్టె మూత వేశాడు. "నాగరాజ్ వాయించేది వినటానికండీ. అంత దగ్గరగా నిలబడి వినే చోటు ఇంకోటి లేదుగా. నేను మర్యాదకు అంటన్నాననుకోకండి. అతను చేసేది ఏడాది కూర్చున్నా నాకు రాదు. నేను చేసేది అతను నెల రోజులు ఓపిక పడితే నేర్చేసుకుంటాడు."

"ఓపిక పడితే కదప్పా," అన్నాడు రామాంజి.

అప్పటికి మెట్ల మీద నాగరాజ్ చెప్పుల చప్పుడు వినిపించింది.

ఆ వారమంతా రామాంజికి అంగడిలో బేజారుగా ఉంది. సందీప్ అడిగిన రోజు తను అంత ధీమాగా చెప్పిన జవాబు గుర్తొచ్చేది. సున్నం మాట గుర్తొచ్చేది. పాత మిక్సర్ మీద నాలుగో మీటను అటూ ఇటూ జరిపి చూసేవాడు. ఎక్కువ వాడకం లేక అది మిగతా వాటికంటే కొంచెం బిగుతుగా కదిలేది. ఎట్లయినా ఈసారి దానియేలు అందరికీ వినబడాలని ఒక నిశ్చయానికి వచ్చాడు. రూతును తప్పకుండా పిలుచుకు రమ్మని తనే ఫోన్ చేసి చెప్పాడు.

ఆదివారం మూడున్నరకే సముదాయ భవనం నిండింది. ఎర్రా పసుపూ తోరణాలు, ముందు వరసలో కమిటీ పెద్దలు. మూడో వరసలో రూతు కూర్చుంది. తల పూర్తిగా నెరిసింది. చేతిలో కళ్ళద్దాల డబ్బా పట్టుకుని ఉంది. భవ్య తన కొత్త మిక్సర్ తెస్తానంటే రామాంజి వద్దని, పాతదే మోయించుకొచ్చి దాని వెనక కూర్చున్నాడు.

మొదటి పాటకు నాలుగో మీటను మూడోదానికి సమానంగా పైకి తోశాడు.

రెండు వరుసలు గడవకముందే ఏదో తప్పుగా ఉందని తెలిసిపోయింది. దానియేలు గిటారు హాలంతా చెక్కకు మేకులు కొట్టినట్టు మోగుతోంది. జయమ్మ మాటలు దాని కిందపడి నలిగిపోతున్నాయి. ఆమె బెదిరి పక్కకు చూసింది. ముందు వరసలో కమిటీ అధ్యక్షుడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

"నాన్నా, రిథమ్ తగ్గించు," అంది పక్కనున్న భవ్య.

రామాంజి తగ్గించలేదు. ఒకసారి తగ్గించి చేసిన తప్పును మళ్ళీ ఎట్లా చేస్తాడు? చెయ్యి మీట మీద పెట్టుకుని బిగుసుకు కూర్చున్నాడు.

వేదిక మీదినుంచి దానియేలు ఆయన వంక చూశాడు. పాట ఆపకుండానే, తీగల మీదినుంచి చెయ్యి లేచిన ఒక్క క్షణంలో అరచేతిని నేలవైపు చూపించాడు. కిందికి. రామాంజి కొంచెం లాగాడు. దానియేలు ఇంకా చూస్తూనే ఉన్నాడు. మరికొంచెం లాగాడు. ఇంకొంచెం. అప్పుడు దానియేలు చూపు తిప్పుకుని జయమ్మ వైపు తిరిగిపోయాడు. రామాంజి వంగి చూశాడు. మీట అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున ఉంది. తను అన్నేళ్ళు పెట్టిన చోటికి రెండు వేళ్ళు పైన. అంతే.

ఆ రెండు వేళ్ళతో పాట వేరే పాట అయింది. జయమ్మ భుజాలు దిగాయి. గొంతు సన్నగానే ఉన్నా నిబ్బరంగా సాగింది. జనం ఏమి మారిందో తెలియకుండానే కుదురుకున్నారు.

మూడో పాటలో నాగరాజ్ ముందుకొచ్చాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, గిటారు భుజానికి తగిలించుకుని కళ్ళు మూసుకోగానే ఫ్యాక్టరీ నుంచి నేరుగా వచ్చి నిలబడిన ఆనాటి కుర్రాడిలా అయిపోయాడు. ప్రాక్టీసులో వాయించిందేదీ వాయించలేదు. ఎక్కడికో ఎక్కిపోయాడు. అక్కడ ఉంగరం వేలు తిరగలేదు. ఆ వేలికి ఈమధ్య కీలు పట్టేస్తోంది. ఒక అపస్వరం పడింది. నాగరాజ్ ఆగలేదు. అదే స్వరాన్ని కావాలని మళ్ళీ మీటాడు. మూడోసారీ మీటాడు. ఆ మూడోసారికి వెనక దానియేలు చెయ్యి మారింది. అతను వేళ్ళు మార్చి పట్టిన కొత్త స్వరాల పట్టు మీద పడి ఆ అపస్వరం స్వరమయిపోయింది. అక్కడినుంచి నాగరాజ్ కొత్త దారిలో దిగుతూ వచ్చి పల్లవిలో కలిశాడు.

హాలు చప్పట్లతో అదిరింది. అందరి తలలూ నాగరాజ్ వైపే ఉన్నాయి. తప్పును మూడుసార్లు వాయించే ధైర్యం గొప్పదా, కింద నేల వేసిన చెయ్యి గొప్పదా, రామాంజి తేల్చుకోలేకపోయాడు. ఏ ఒక్కటి లేకపోయినా రెండోది లేదని మాత్రం వినబడింది. వినబడినందుకు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భవ్య చూస్తుందని మెడ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

తర్వాత నాగరాజ్‌కు తలకు మైసూరు పేటా పెట్టి, శాలువా కప్పి, పళ్ళ బుట్ట ఇచ్చారు. అతను మైకు పట్టుకుని, నేర్పిన గురువునూ, తల్లినీ, కమిటీనీ తలుచుకున్నాడు. "మైకు రామాంజి లేకుంటే నేను లేను," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. దానియేలు పేరు రాలేదు. దానియేలు అప్పటికే వేదిక వెనక వంగి తన వైరు చుట్టుకుంటున్నాడు.

రామాంజి లేచి మూడో వరస దగ్గరికి వెళ్ళాడు.

"ఏమ్మా, వినపడిందా?" అని రూతును అడిగాడు.

"మొదటి పాటలో వినబడింది అన్నయ్యా," అందామె. "ఎందుకు వినబడిందిరా దేవుడా అనిపించింది." నవ్వి, కళ్ళద్దాలు డబ్బాలో పెట్టుకుంటూ ఆగింది. "తర్వాత నేను ఆయన చెయ్యి చూస్తా కూర్చున్నా. చెయ్యి చూస్తే వినబడతా ఉంది. చూపు తిప్పితే మళ్ళీ పాటలో కలిసిపోతా ఉంది. ఇన్నాళ్ళూ చెయ్యి చూడాలని నాకు తెలీలేదు."

తర్వాతి ఆదివారం అంగడి ముందు నాగరాజ్ ఒక్కడే ఉన్నప్పుడు రామాంజి ఆ మాట ఎత్తాడు. "స్టేజి మీద దానియేలు పేరు చెప్పకపోతివి కదా."

నాగరాజ్ టీ గ్లాసు స్టూలు పక్కన పెట్టాడు. 

"మర్చిపోయినాననుకుంటివా? చెప్పల్లనే నోరు తెరిస్తి. ఏమని చెప్పల్లో తెలీలేదు. పోయిన డ్రమ్స్ మనిషి, పాట పాడినామె అని చెప్పొచ్చు. వాడు ఏం చేస్తాడని చెప్పేది? నాకే సరిగ్గా తెలీదు రామాంజీ. వానికి జ్వరమొచ్చి రెండు నెలలు రాలేదు చూడు, అప్పుడు నేను అంతంతమాత్రంగా వాయించినా. జనానికి తెలీలేదు. నాకు తెలుసు."

ఆ జ్వరం సంగతి రామాంజి చెప్పలేదు. అది దానియేలు చెప్పుకోవలసింది.

సందీప్ మళ్ళీ వచ్చినప్పుడు, ఆఫీసులో వాదన ఇంకా తెగలేదన్నాడు. "మీ ఫైనల్ ఆన్సర్ అదేనా అంకుల్?"

"నన్ను అడగద్దప్పా," అన్నాడు రామాంజి. "నేను విన్నోన్ని కాదు. మీట పట్టుకున్నోన్ని. నాగరాజ్ గొప్పోడే, అందులో మాట లేదు. ఇంకొకడు ఎంత గొప్పోడో జనాన్ని నేను విననీలేదు, నేనూ వినలేదు. సగం విన్నోడు తీర్పు చెప్పకూడదు."

సందీప్‌కు అది సగమే అర్థమయింది. కానీ ఆ రోజు స్పీకర్లు ఎక్కిస్తూ, వాళ్ళ బ్యాండులో రిథమ్ వాయించే గిరీష్ గురించి తనంతట తనే నాలుగు మాటలు చెప్పాడు.

ఇప్పుడు ఆంజనేయ సౌండ్స్ వాళ్ళు వేదిక దగ్గర మైకులు సరిచూసేటప్పుడు, వాయించే ప్రతి మనిషీ ఒక పూర్తి పాట ఒక్కడే వాయించాలి. పది సెకన్లు చాలవు. దీనితో గంట పని రెండున్నర గంటలయింది. పెళ్ళివాళ్ళు అరుస్తున్నారనీ, హాలు వాళ్ళు తొందరపెడుతున్నారనీ భవ్య విసుక్కుంటుంది. విసుక్కుంటూనే చేస్తుంది.

డిసెంబరులో దానియేలు వాళ్ళ చర్చిలో క్రిస్మస్ పాటలకు మైకు సెట్టు కావలసి వచ్చింది. చిన్న పని, ఎవరినైనా పంపితే సరిపోయేది. రామాంజి తనే వెళ్ళాడు. మధ్యాహ్నం రెండయింది. హాలులో ఎవరూ లేరు. రూతు ఒక పక్క కుర్చీలు వరసగా సర్దుతోంది. దానియేలు గిటారు శ్రుతి చేసుకున్నాడు.

"ఒక పాట పూర్తిగా వాయించప్పా," అన్నాడు రామాంజి, వెనక బల్ల మీద కూర్చుంటూ.

దానియేలు ఇబ్బందిగా నవ్వాడు. రెండు పట్టులు పట్టి ఆపేశాడు. "ఒక్కణ్ణే ఏం వాయించనండీ? పాడేవాళ్ళు లేకుండా నాకు చెయ్యి పోదు."

"ఎవురో పాడతా ఉండారనుకో."

"ఎవరు పాడుతున్నారనుకోమంటారు? మనిషినిబట్టి కదండీ."

రూతు చేతిలో కుర్చీ కింద పెట్టింది. "నేను పాడతాలే," అని, అక్కడే నిలబడి మొదలుపెట్టింది. ఆమెకు పాట రాదు. శ్రుతి ఒక చోట మొదలై ఇంకో చోటికి పోతోంది. తాళం ఆమె ఇష్టం. దానియేలు తల వంచి ఒక్క వరుస విన్నాడు. క్లిప్పు తీసి పక్కన పెట్టి, ఆమె ఎక్కడుందో వెతుక్కుంటూ మెల్లగా తీగలు మీటడం మొదలుపెట్టాడు. రామాంజి కదలకుండా కూర్చుని వింటున్నాడు. తెచ్చిన మైకు పెట్టెల తాళాలు ఇంకా తియ్యలేదు.